తుపాకీ మూతిలో ప్రశంసాపత్రం

చర్చి పియానో తలుపులోంచి తేలుతూ బయటికి వచ్చి, పెద్ద వీధి వెంట రెండు మలుపులూ సరిగ్గా తిరిగి, వంతెన స్తంభం దగ్గర ఆగిన వరద మావైపు అందరికీ గుర్తే. ఆ వరద తర్వాత నాలుగో ఏడు, అక్టోబరులో, మా రాష్ట్ర వన్యప్రాణి శాఖ వారు జీతం లేకుండా వేట పాఠాలు చెప్పేవాళ్ళను గుర్తించాలని తీర్మానించారు.

అంతకుముందు మమ్మల్ని ఎవరూ గుర్తించలేదని కాదు. మా ఆవిడ గుర్తించేది. కుక్క గుర్తించేది. శాఖవారి గుర్తింపు వేరు. దానికి ఒక విభాగం, ఆ విభాగానికి పదకొండుమంది ఉద్యోగులు, వాళ్ళు కూర్చోడానికి ఒక మేడ ఉంటాయి. జీతం లేకుండా చేసే పని ఎంత గొప్పదో నింపాదిగా ఆలోచించాలంటే నెలనెలా జీతం వస్తూ ఉండాలి కాబట్టి ఈ ఏర్పాటు సబబే.

మా రాష్ట్రంలో వేట లైసెన్సు కావాలంటే, ఎంత వయసువారైనా, ఎంతటివారైనా, ముందు పాఠం విని పాసవ్వాలి. మా ఊళ్ళో ఆ పాఠం చెప్పేది నేనూ, డ్వెయిన్ కిటెల్సనూ. అగ్నిమాపక దళం షెడ్డులో, ఎర్ర బండిని బయట నిలబెట్టి, దాని చోట కుర్చీలు వేసి, నాలుగు శనివారాలు చెబుతాం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చెబుతున్నాం. షెడ్డు తాళాలు డ్వెయిన్ దగ్గరుంటాయి. సుద్దముక్కలు నా దగ్గరుంటాయి.

పాఠం పొడుగైనది కాదు. తుపాకీ మూతిని మనిషి వైపు తిప్పకు. ఎవరైనా తుపాకీ ఇస్తే, తెరిచి లోపల చూపించేదాకా పుచ్చుకోకు. గొట్టంలో అడ్డం ఏమీ లేదని చూసుకో. కంచె దాటేటప్పుడు ముందు తుపాకీని తెరిచి, ఖాళీ చేసి, కిందనుంచి అవతలికి జరిపి, తర్వాత నువ్వు దాటు. మొదటి శనివారం సగానికే ఇది అయిపోతుంది. మిగతా మూడున్నర శనివారాలూ ఇదే మళ్ళీ చెప్పడానికి.

మూతి మనిషి వైపు తిరిగిందా, ఫెయిల్. పై ఏడు రావాలి. తుపాకీ ఉత్తదైనా, చెక్కదైనా, చీపురుకట్ట అయినా అంతే. ఒక గురువు ఫెయిల్ అన్నాక ఇంకో గురువు 'నేనూ చూశాను' అనాలి. అది రూలు. ఈ రూలు కింద మేము ఒక బ్యాంకు మేనేజరును, ఒక పాస్టరును, షెరీఫు తమ్ముణ్ణి ఫెయిల్ చేశాం. మా ఆవిడ లవాన్‌ను రెండుసార్లు చేశాం.

మొదటి ఏడు, పాఠం చెప్పే ఉత్త తుపాకీ చేతిలో ఉండగా వెనక్కి తిరిగి, "పొయ్యి మీద గిన్నె దింపొచ్చావా?" అని నన్ను అడిగింది. మధ్యలో పాస్టరుగారి పొట్ట ఉంది. రెండో ఏడు నాలుగు శనివారాలూ తప్పులేకుండా చేసింది. ఆఖరి రోజు చివరి పది నిమిషాల్లో, పైకప్పులో సాలెగూడు ఉందని తుపాకీతో చూపించింది. సాలెగూడు పక్కన నిచ్చెన మీద డ్వెయిన్ బల్బు మారుస్తున్నాడు. వాడు పైనుంచే "నేనూ చూశానమ్మా" అన్నాడు.

ఆ రెండేళ్ళూ మా ఇంట్లో సూపు చల్లగానే ఉంది. ఆమె కోపం నా మీద కాదు, తోటలో క్యాబేజీలు తినిపోయే జింక మీద. ఒక చెవి చిరిగిన జింక. ఆమె లైసెన్సు లేకుండా కిటికీలో నిలబడి చూస్తూ ఉంటుంది. అది తింటూ కిటికీ వైపు చూస్తుంది. శాఖ నిబంధనలు ఆ జింకకు బాగా తెలుసునని లవాన్ అభిప్రాయం.

గుర్తింపు పథకం ఒక్కరోజులో పుట్టింది కాదు. రెండేళ్ళ ముందే, శాఖవారు మా అందరికీ తలా ఒక టోపీ పంపారు. ముదురు గోధుమరంగు బొచ్చుగుడ్డ. రెండు పక్కలా కొమ్ముల బొమ్మలు, వెనక తోకలా తెల్లటి కుచ్చు. నవంబరు అడవిలో ఆ టోపీ పెట్టుకున్నవాడికి తాను జింక కాదని రుజువు చేసుకునే వ్యవధి ఉండదు. వేటలో నారింజరంగు తప్ప వేసుకోవద్దని ముప్ఫై ఏళ్ళు చెప్పినవాళ్ళకు ఆ కానుక రావడంలో ఏదో లోతు ఉండి ఉంటుంది, మాకు అందలేదు. డ్వెయిన్ దాన్ని వంటింట్లో, తెర వేసుకుని, అద్దం ముందు ఒకసారి పెట్టుకున్నాడు. వాళ్ళ కుక్క మొరిగింది. తీసేశాడు.

తర్వాత దరఖాస్తు ఫారం వచ్చింది. గుర్తింపు కోరేవాళ్ళు తాము గుర్తింపు కోరడం లేదని రుజువు చేసే పత్రాలు జతచేయవలెనని మొదటి షరతు. తమ వినయాన్ని అయిదువందల మాటలకు తగ్గకుండా వివరించవలెనని రెండోది. నేను "ఉంది" అని రాశాను.

"ఒరే ఆర్విడ్, నాలుగొందల తొంభైతొమ్మిది తక్కువొచ్చాయిరా" అన్నాడు డ్వెయిన్. వాడు తొమ్మిది కాగితాలు రాశాడు. వాడి వినయం అంతా వాడి నాన్న దగ్గర మొదలై, కొరియా యుద్ధం మీదుగా వచ్చింది.

శాఖవారు రెండూ చదివి, ఇంత గట్టి వినయం రాష్ట్రంలో మరెక్కడా లేదని తేల్చి, ఆ ఏడాది ఉత్తమ గురువుగా నన్ను ఎంపిక చేశారు. శుక్రవారం మధ్యాహ్నం రాజధానిలో విందు, సన్మానం. పేరు చెక్కిన తుపాకీ బహుమతి.

అదే కవరులో ఇంకో కాగితం ఉంది. మమ్మల్ని గుర్తించే పనికి ఉద్యోగులు చాలనందున, మేము చేసే పనిని తగ్గిస్తున్నారట. ఇకమీదట వేట పాఠాలు కంప్యూటరులోనే జరుగును. తెర మీద కంచె బొమ్మ వస్తుంది, దాన్ని నొక్కితే దాటినట్టు. ఊళ్ళలో క్లాసులు నడపాలంటే డైరెక్టరుగారి సంతకంతో ప్రత్యేక అనుమతి ఉండాలి. అనుమతి లేకపోతే షెడ్డు తెరవడానికి వీల్లేదు.

మా క్లాసు విందుకు మర్నాడే, శనివారం ఉదయం ఎనిమిదికి. ఇరవై రెండుమంది పేర్లు ఇచ్చారు. ఇరవై రెండో పేరు లవాన్ స్కోగెన్, మూడోసారి.

గుర్తింపు విభాగంలో షెల్బీ అనే అమ్మాయి ఉంది. మంచి పిల్ల, దేనికైనా రిబ్బను కడుతుంది. ఆమె ఫోను చేసింది.

"ఆర్విడ్ గారూ, మీ ఊరి అనుమతి కాగితం టైపు చేయించి డైరెక్టరుగారి జేబులో పెట్టేశానండీ. విందు అవగానే సంతకం. మీరు వచ్చి, బహుమతి తీసుకుని, థాంక్స్ చెప్పి కూర్చుంటే చాలు."

నేను "ఊఁ" అన్నాను.

"ఇంకో మాట చెప్పకండి, దయచేసి. ఆయనకి ఆశ్చర్యాలు పడవు. మీకు మాత్రం ఒక ఆశ్చర్యం ఉందండీ."

లవాన్ పక్కనుంచి అంతా విన్నది. "జీవితమంతా నోరు మెదపనివాడివి, ఆ ఒక్క పూటా మెదపకయ్యా. నా క్యాబేజీలు నీ నాలుక మీదున్నాయి" అంది.

లవాన్, డ్వెయిన్ కూడా నాతో రాజధానికి వచ్చారు. హోటలు పెద్దది. హాల్లో నూట నలభైమంది వేట గురువులం, ఒక్కొక్కరూ ఇరవై, ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాళ్ళు. చాలామంది శాఖవారి టోపీలు తెచ్చి బల్ల కింద పెట్టుకున్నారు. ఉడికించిన కోడి, బఠానీలు. గోడలకి కట్టిన గుడ్డల మీద 'మీ సేవ అమూల్యం' అని ఉంది. నిజానికి మాకిచ్చేది సున్నాయే కనక, అందులో పొరపాటేమీ లేదు.

డైరెక్టరుగారి పేరు రాయిస్ పెంబర్టన్. అంతకుముందు ఆయన చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే శాఖను నడిపారు. అక్కడ గొప్ప పేరు తెచ్చుకోవడం వల్ల జంతువుల్ని అప్పజెప్పారు. వచ్చే నెల గవర్నరుగారితో జింకల వేటకు వెళ్ళబోతున్నారు కనక కొత్త బూట్లు వేసుకుని వచ్చారు. నడిస్తే కిర్రుమంటున్నాయి.

మొదట అనుమతుల ఘట్టం. మా ఊరి అనుమతిని తలుపంత అట్టమీద పెద్ద అక్షరాలతో రాయించి, ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. డైరెక్టరుగారు చీపురంత కలంతో దానిమీద సంతకం పెట్టారు. ఫోటోలు తీశారు. అది ఫోటోల కోసమనీ, అసలు కాగితం ఆయన కోటు ఎడమజేబులో ఉందనీ, భోజనాలయ్యాక దాని సంగతి చూస్తారనీ షెల్బీ నా చెవిలో చెప్పింది. జేబులోంచి కాగితం మూల కనిపిస్తూనే ఉంది.

తర్వాత నన్ను వేదిక మీదికి పిలిచారు. షెల్బీ తుపాకీ తెచ్చి డైరెక్టరుగారి చేతికిచ్చింది. జంట గొట్టాల తుపాకీ. చక్కటి పనితనం, వాల్‌నట్ చెక్క, ఇత్తడి రేకు మీద నా పేరు, పేరులో ఒక అక్షరం తప్పు. ఒక గొట్టం మూతిలోంచి ఎర్ర రిబ్బను వేలాడుతోంది. తెరవలేదు. ఎవరూ లోపల చూడలేదు.

డైరెక్టరుగారు దాన్ని అడ్డంగా పట్టుకుని మైకు ముందుకి వచ్చారు.

"మిత్రులారా, తుపాకీ అంటే ఏమిటి? తుపాకీ అంటే వారసత్వం. వారసత్వం అంటే ఏమిటి? భవిష్యత్తు వైపు గురిపెట్టిన గతం."

ఇలా అంటూ ఆయన భవిష్యత్తును చూపించారు. భవిష్యత్తు హాలుకు ఎడమపక్కన ఉన్నట్టుంది. ఎడమపక్క బల్లల దగ్గరున్న యాభైమందీ ఒక్కసారిగా కిందికి వంగారు. గాలికి గోధుమచేను వంగినట్టు, చప్పుడు లేకుండా, మొదటి వరస నుంచి చివరి వరస దాకా. బల్లల మీద పళ్ళేలు మాత్రం మిగిలాయి.

డైరెక్టరుగారు అది చూసి మురిసిపోయారు. ఉప్పు శాఖలో ఆయనకి ఎవరూ ఇలా వంగలేదు.

"చూడండి ఈ వినయం" అన్నారు మైకులో. "ఇందరు పెద్దలు, ఇన్నేళ్ళ అనుభవం, ఎలా శిరస్సు వంచుతున్నారో చూడండి. ఈ పక్కవారు కూడా..." అని కుడివైపు తిరిగారు. తుపాకీ కూడా తిరిగింది. కుడిపక్కవారు వంగారు, ఎడమపక్కవారు లేచారు. మధ్యవారు ముందుజాగ్రత్తగా సగం వంగి ఉన్నారు. బఠానీలు దొర్లడం మొదలైంది.

ఆయనకి ఉత్సాహం వచ్చింది. అడవులన్నప్పుడు ఎడమకు, నదులన్నప్పుడు కుడికి, మన పిల్లలన్నప్పుడు నేరుగా మధ్యకు తిప్పారు. సభ అలలు అలలుగా లేచి పడుతోంది. మోకాళ్ళు వంగని ఒక పెద్దాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అందరికంటే ఎక్కువ భక్తి ఆయనదని మైకులో ప్రకటించారు. వంగనివాడు ఫోటోగ్రాఫరు ఒక్కడే. అతను గొట్టాలకు ఎదురుగా నిలబడి, కాస్త పైకెత్తండి సార్ అంటున్నాడు.

నేను ఆయన వెనక, తుపాకీ చెక్కవైపు నిలబడి ఉన్నాను. అది హాలు మొత్తానికి మంచి చోటు. అంతలో ఆయన గుండ్రంగా తిరిగి, తుపాకీని నా ఛాతీ వైపు చాపారు.

"తీసుకోండి ఆర్విడ్ గారూ. రిబ్బను లాగండి."

అదే ఆశ్చర్యం. ప్రశంసాపత్రాన్ని చుట్టచుట్టి, రిబ్బను కట్టి, గొట్టంలో దూర్చారు. దాన్ని అందుకోవాలంటే మూతికి ఎదురుగా నిలబడాలి, లోపలికి తొంగి చూడాలి, గుంజాలి. తుపాకీ భద్రతకు ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిన సేవకు గాను, అని దానిమీద రాసి ఉందని తర్వాత తెలిసింది.

నేను చేతులు వెనక్కి పెట్టుకుని పక్కకి జరిగాను. గొట్టాలు నాతోపాటు జరిగాయి. ఇంకోపక్కకి జరిగాను. అవీ జరిగాయి. కొత్త బూట్లు కిర్రు కిర్రుమన్నాయి. సభవారు మేమిద్దరం నాట్యం చేస్తున్నామనుకుని ఉంటే తప్పు వాళ్ళది కాదు. షెల్బీ వేదిక కింద నిలబడి, చేతులతో రిబ్బను లాగే నటన చేస్తోంది.

నేను ఆయన కోటు జేబు చూశాను. కాగితం మూల కనిపిస్తోంది. ఇరవై రెండు పేర్లు. పక్కకి నిలబడి, చెయ్యి చాచి, రిబ్బను లాగేస్తే అయిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు. తుపాకీ ఉత్తదే అయి ఉంటుంది. అయి ఉంటుంది అనే మాట నేను క్లాసులో మొదటి రోజే చెరిపేయిస్తాను.

మూడో బల్ల కింద లవాన్ ఉంది. గుడ్డ అంచు పైకెత్తి, ఒక చేత్తో పళ్ళెం కాపాడుకుంటూ నా వైపు చూస్తోంది. నోరు మెదపకని చెప్పిన మనిషి. సాలెగూడు చూపించినందుకు ఏడాది పోగొట్టుకున్న మనిషి.

మైకు నాకూ ఆయనకూ మధ్య ఉంది.

"కిందికి" అన్నాను. ఆయన కిందికి అంటే ఏమిటో వెతుక్కుంటున్నారు. నేను తుపాకీని వేలితో నేలవైపు నొక్కాను. తర్వాత క్లాసులో అనే మాటే అన్నాను.

"ఫెయిల్."

ఒక బఠానీ వేదిక మెట్టు దాకా దొర్లి ఆగింది. వెనక వరసలో బల్ల కిందనుంచి డ్వెయిన్ చెయ్యి పైకి లేచింది.

"నేనూ చూశాను."

ఆ తర్వాత ఇంకో చెయ్యి. ఇంకోటి. వాళ్ళెవరూ నన్ను ఎరిగినవాళ్ళు కాదు. రూలును ఎరిగినవాళ్ళు. బల్లల వెనకనుంచి ఒకరి తర్వాత ఒకరు, నేనూ చూశాను, నేనూ చూశాను అని చేతులెత్తారు. కుర్చీతో పడ్డ పెద్దాయన పడుకునే ఎత్తాడు. నూట ముప్ఫై తొమ్మిది చేతులు.

డైరెక్టరుగారు దాన్ని హర్షధ్వానం అనుకుని చెయ్యి ఊపారు. షెల్బీ ఎక్కివచ్చి చెవిలో ఏదో చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉంది. మిగతా ముఖం వెళ్ళిపోయింది. ఎడమజేబులో కాగితం మూలను వేలితో లోపలికి తోసేశారు.

"ఆర్విడ్ గారికి చమత్కారం ఎక్కువ" అన్నారు మైకులో. "ఇప్పుడు తీపి, ఆపిల్ పై వడ్డిస్తారు."

నాకు తుపాకీ ఇవ్వలేదు. నేను పుచ్చుకోనూ లేదు. బయట వరండాలో షెల్బీ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎంత పని చేశారండీ. ఆయన అసలు కాగితం ఇవ్వనన్నారు. గవర్నరుగారితో వేటకి వెళ్ళాలి, ఇప్పుడు నూట నలభైమంది సాక్షులతో ఫెయిలయ్యారు. నేనేం చెయ్యను?"

"పై ఏడు క్లాసుకి రమ్మను" అన్నాను.

"ఎక్కడికండీ? క్లాసే లేదుగా ఇప్పుడు."

అది నిజమే. అక్కడ గోడకి ఆనించి ఆ తలుపంత అట్ట ఉంది. శాఖవారి కార్లో పట్టలేదట. పారేసే చోటు చూపించమని హోటలువాళ్ళని అడుగుతున్నారు. నేనూ డ్వెయినూ దాన్ని ఎత్తి నా ట్రక్కులో వేసుకున్నాం.

తిరిగి వస్తూ వంతెన దాటాక లవాన్ అంది.

"నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసినప్పుడు నీది రాతిగుండె అనుకున్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ రాయే. కాకపోతే అందరికీ ఒకటే రాయి." కోటు కప్పుకుని, "రేపు క్లాసు లేదుగా. పొద్దున్నే లేవకు" అంది.

"కాఫీ పెద్ద గిన్నెతో కాచు" అన్నాను.

మర్నాడు ఉదయం ఏడున్నరకి షెడ్డు దగ్గరికి వెళ్ళాను. పత్రికలో ఫోటో వచ్చేసింది. హాలు నిండా వంగిన వీపులు, పైన తుపాకీ పట్టి నవ్వుతున్న డైరెక్టరుగారు, ఆయన వెనక సంతకం పెట్టిన అట్ట. 'గురువుల వినయానికి చలించిన అధికారి' అని రాశారు. షెడ్డు బయట మంచులో లవాన్‌తో కలిపి ఇరవై రెండుమంది నిలబడి ఉన్నారు. డ్వెయిన్ తాళాలు పట్టుకుని తలుపుకి అడ్డంగా ఉన్నాడు. వాడు నా స్నేహితుడు. తాళాల విషయంలో కాదు.

"అనుమతి ఉందా?"

"ఉంది."

"చూపించు."

ఇద్దరం కలిసి అట్టని ట్రక్కులోంచి దించి గోడకి నిలబెట్టాం. డ్వెయిన్ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివాడు. ఒక్కో అక్షరం వాడి చెయ్యంత ఉంది. వెనక్కి వెళ్ళి అట్ట వీపు కూడా చూశాడు.

"సంతకం ఉంది, తారీకుంది, మన ఊరి పేరుంది. అనుమతి ఎంత పొడుగుండాలో రూల్లో రాయలేదు" అని తాళం తీశాడు.

కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అప్పుడు షెల్బీ కారు వచ్చింది. ఒక చేతిలో కవరు, ఇంకో చేతిలో ఆ తుపాకీ, భుజం మీద కెమెరా. కవర్లో రెండు కాగితాలు. ఒకటి అసలు అనుమతి. రెండోది డైరెక్టరుగారు వేట పాఠం పాసైనట్టు ధ్రువపత్రం. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని కంచె బొమ్మ నొక్కారట, నూటికి తొంభై ఎనిమిది వచ్చాయట. ఫెయిల్ చేసిన గురువు సంతకం ఉంటే చెల్లుతుందట.

"మీరు ఇది సంతకం పెట్టండి, నేను అది ఇచ్చేస్తాను. అందరికీ బావుంటుంది కదండీ."

"అది మాకుంది" అని అట్ట చూపించాను.

ఆమె అట్టని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూసింది. "అయ్యో, అది ఫోటో కోసమండీ" అంది.

"ఫోటో కూడా ఉంది" అని డ్వెయిన్ పత్రిక చూపించాడు.

నేను డైరెక్టరుగారి ధ్రువపత్రం తీసుకుని, కింద ఖాళీలో 'ఫెయిల్. పై ఏడు మొదటి శనివారం ఎనిమిదికి. తుపాకీ తేవద్దు' అని రాసి, మడిచి ఆమెకిచ్చాను. ఆమె దాన్ని జేబులో పెట్టుకుని క్లాసు వైపు తిరిగింది.

"అందరికీ శుభోదయం. ఒక్క ఫోటో తీసుకుంటాను."

ఆమెతో తుపాకీ కూడా తిరిగింది. రిబ్బను వేలాడుతూ మూతి మొదటి వరస మీదుగా, రెండో వరస మీదుగా, మూడో వరస దాకా నింపాదిగా వెళ్ళింది. క్లాసు కదల్లేదు. మెడలు నిటారుగా పెట్టి, జుట్టు సరిచేసుకుని, పళ్ళు కనిపించేలా నవ్వారు.

ఒక్క కుర్చీ ఖాళీ అయింది. లవాన్ నేల మీద ఉంది. అక్కణ్ణుంచే, "మూతి నేలకి తిప్పు పిల్లా, వెధవ ఫోటో తర్వాత" అంది. లేచి వెళ్ళి, మూతికి పక్కగా నిలబడి, షెల్బీ చేత తుపాకీ మధ్యకి విరిపించి తెరిపించింది. లోపల చూసింది. మళ్ళీ చూసింది. వెనకవైపు నుంచి కర్రపుల్లతో నా ప్రశంసాపత్రాన్ని బయటికి తోసి, తుపాకీని తెరిచినట్టే ఉంచి, గోడవైపు తిప్పి బల్ల మీద పెట్టింది. డ్వెయిన్ నా వైపు చూసి తల ఊపాడు. నేను ముందే చూశాను.

"ఇప్పుడైనా పాసా?" అంది.

"ఇంకా మూడు శనివారాలున్నాయి" అన్నాను.

ఆ రాత్రి సూపు ఎలా ఉండబోతోందో అర్థమైంది.

తర్వాత సుద్దముక్క తీసుకున్నాను. షెల్బీ నిలబడ్డ చోటి నుంచి, తుపాకీ మూతి వెళ్ళిన దారినే, నేల మీద గీతలు గీశాను. కుర్చీల కింద నుంచి, కాళ్ళ మధ్య నుంచి గీశాను. గీత తగిలినవాళ్ళని లేవమన్నాను. ఇరవై ఒక్కమందీ లేచారు. ఫోటో బాగా వచ్చిందా అని ఒకాయన షెల్బీని అడిగాడు. వాళ్ళని తప్పుపట్టను. ఇది చదువుతున్న మీరు కూడా విందు దగ్గర్నుంచి నవ్వుతూనే ఉన్నారు, గొట్టం ఎటుందో అడగలేదు.

"ఈ గీత ఎంత దూరం పోతుందండీ?" అని ఇంకొకామె అడిగింది.

నేను గీస్తూ తలుపు దాకా వెళ్ళాను. అక్కడ సుద్ద అయిపోయింది. గీత అవలేదు.